కార్నర్ దాటగానే వెనక తిరిగిపోతోంది, డిఫ్ లో ఏ నంబర్ ఆయిల్ పోయాలి?

కృష్ణలంక_కుర్రోడు
1/10 సైజు రిమోట్ టూరింగ్ కారు (రోడ్ మీద నడిపే రకం) కట్టి నెల అయింది. నాలుగు చక్రాల డ్రైవ్, మధ్యలో షాఫ్ట్, ముందొక గేర్ డిఫ్ (డిఫరెన్షియల్) వెనకొక గేర్ డిఫ్, 17.5 టర్న్ బ్రష్‌లెస్ మోటార్, 2ఎస్ లైపో బ్యాటరీ. ఆదివారం పొద్దున్నే నలుగురం తాడేపల్లి అవతల ఖాళీ లేఅవుట్ లో సిమెంట్ రోడ్ మీద నడుపుతున్నాం. స్ట్రెయిట్ లో బుల్లెట్. కార్నర్ లోకి కూడా బానే దిగుద్ది. బయటికొచ్చేటప్పుడు త్రాటిల్ కాస్త ఇచ్చానా, వెనక భాగం ఒక్కసారి జారి బొంగరంలా తిరిగిపోతోంది. మిగతా ముగ్గురూ నవ్వడం, నేను నడుచుకుంటూ వెళ్ళి కారు తెచ్చుకోవడం. వెనక డిఫ్ లో 60 నంబర్ ఆయిల్ పోసా, ముందు దాంట్లో కిట్ తో వచ్చిన గట్టి గ్రీజ్ కుక్కా. ఇంకా గట్టి ఆయిల్ పోయాలా, బాల్ డిఫ్ కొనాలా, స్పూల్ వెయ్యాలా? ఏదో ఒక్కటే కొనగలను, లైపో రేటు తెలిసిన దగ్గర్నుంచీ మా నాన్న నాతో మాట్లాడట్లేదు.

డ్రిఫ్ట్_బాబాయ్
వెనక లాక్ చేసెయ్. డిఫ్ అనేదే లేకపోతే డిఫ్ ప్రాబ్లం ఉండదు.

సెల్లార్_రేసర్
బాబాయ్ కి తలనొప్పి అన్నా తల లాక్ చెయ్యమంటాడు

పటమట_పినియన్
60 ఏంటి తమ్ముడు? సీసా మీద 60 పక్కన ఏం రాసుంది?

కృష్ణలంక_కుర్రోడు
డబ్ల్యూటీ అని ఉందన్నా. షాక్ అబ్సార్బర్ల కోసం తెచ్చిన సీసాల్లో అదే పెద్ద నంబర్, పెద్ద నంబర్ అంటే గట్టిది అని మా వాడు చెప్పాడు.

పటమట_పినియన్
అనుకున్నా. దీని మీద సగం మంది ఒకసారైనా బోల్తా పడ్డోళ్ళే, నేనూ పడ్డా, సిగ్గేం లేదు. షాక్ ఆయిల్ మీద ఉండేది వెయిట్, డిఫ్ ఆయిల్ మీద ఉండేది సీఎస్‌టీ, అంటే సెంటీస్టోక్స్. రెండూ వేరే కొలతలు. అసోసియేటెడ్ కంపెనీ వాళ్ళ లెక్కలో 60 వెయిట్ అంటే 800 సీఎస్‌టీ, 40 వెయిట్ అంటే 500. వెయిట్ లెక్క కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటది కాబట్టి ఎప్పుడూ సీఎస్‌టీ చూసే కొనాలి. నీళ్ళు 1 సీఎస్‌టీ అనుకో, దానికి 800 గట్టిగానే అనిపిస్తది గానీ డిఫ్ లో అది మజ్జిగే. 1/8 బగ్గీ (మట్టి మీద నడిపే పెద్ద సైజు కారు) వాళ్ళు 7-7-3 అంటుంటారు చూడు, ముందు 7000, మధ్య 7000, వెనక 3000 అని దానర్థం. మన 1/10 వాటికి కూడా మాట్లాడేది వేలల్లోనే. నువ్వు పోసింది వందల్లో.

సెల్లార్_రేసర్
ఇదంతా పాకం లెక్కలో చెప్తే మాలాంటోళ్ళకి అర్థమవుద్ది. 1000 లేత పాకం, 5000 తీగ పాకం, లక్ష ఉండ పాకం, ఆ కిట్ గ్రీజ్ చలిమిడి. నేను ఇలాగే గుర్తు పెట్టుకుంటా, తప్పయితే మా అమ్మమ్మని అడగండి

పటమట_పినియన్
ఒప్పుకుంటున్నా. ఇక మీదట ఈ థ్రెడ్ లో పాకమే.

తెనాలి_ట్రాక్టర్
డిఫ్ ఏం చేస్తదో ముందు కుర్రోడికి ఎవరైనా చెప్పండయ్యా, నంబర్లు తర్వాత. నేను చెప్తా. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ వెనక చక్రం ఒకటి గుంటలో దిగబడిందనుకో, ఆ దిగబడిందే గిరగిరా తిరుగుద్ది, గట్టి నేల మీద ఉన్న రెండోది ఉలకదు పలకదు. ఎందుకంటే డిఫ్ రెండు వైపులకీ సమానంగానే బలం ఇస్తది, జారే చక్రం ఎంత పట్టగలదో అంతే రెండోదానికీ దక్కేది. అప్పుడు మడమ దగ్గరుండే లాక్ పెడల్ తొక్కితే రెండు చక్రాలూ ఒకటై బండి బయటికొస్తది. మా నాన్న ట్రాక్టర్ మీద నేను మొదట నేర్చుకుంది అదే. రెండోసారి నేర్చుకుంది ఏంటంటే, లాక్ తియ్యకుండా చేను చివర మలుపు తిప్పకూడదని. స్టీరింగ్ పూర్తిగా తిప్పేసా, ట్రాక్టర్ మాత్రం తిన్నగా పోయి గట్టెక్కి పక్కోళ్ళ మినుముల్లో దిగింది. మీ కారులో ఆయిల్ అంటే ఆ లాక్ పెడల్ ని సగమో పావో తొక్కి ఉంచినట్టు, అంతే.

లెక్కల_మాస్టారు
తెనాలి గారు చెప్పినదానికి చిన్న లెక్క. కుర్రోడి కారులో ఎడమ కుడి చక్రాల మధ్య దూరం సుమారు 160 మి.మీ. అనుకుందాం. యూ టర్న్ లో బయటి చక్రం లోపలి దానికన్నా 3.14 × 160, అంటే దగ్గర దగ్గర అర మీటరు ఎక్కువ దూరం పోవాలి. ఆ అర మీటరు తేడాని సర్దేది డిఫ్. లాక్ చేస్తే ఆ అర మీటరూ టైర్లు నేల మీద ఈడ్చుకోవాలి.

గుంటూరు_ఘాటు
మాస్టారూ ఏ యూ టర్న్? చిన్న మలుపైతే తేడా ఎక్కువ పెద్ద మలుపైతే తక్కువ కదా

లెక్కల_మాస్టారు
కాదు నాయనా, అదే ఇందులో మజా. సగం చుట్టు తిరిగితే తేడా ఎప్పుడూ అర మీటరే, మలుపు మీటరుదైనా పది మీటర్లదైనా. చిన్న మలుపులో ఆ అర మీటరు కొద్ది దూరంలోనే సర్దాలి కాబట్టి ఈడ్పు గట్టిగా తెలుస్తుంది.

గుంటూరు_ఘాటు
ట్యూషన్ ఫీజ్ ఎంత మాస్టారూ

ఆటోనగర్_అబ్బాయి
మా షెడ్ లో లారీ డిఫ్ హౌసింగ్ ఊడదీసినప్పుడు మా మేస్త్రి స్పైడర్ (డిఫ్ లోపలి చిన్న గేర్ల సెట్) చేతిలో పెట్టి తిప్పి చూపిస్తాడు కొత్త కుర్రాళ్ళకి, అచ్చం మన బొమ్మ కారులో ఉండేదే, సైజు తేడా. నేను నా డిఫ్ తీసుకెళ్ళి చూపిస్తే ముక్కుపుడక అనుకున్నాడు.

లక్ష్మీపురం_ల్యాప్
సరే కథలు అయిపోతే సమాధానం, వెనక 5000 పొయ్యి, ప్రాబ్లం సాల్వ్. 800 తో లోపలి చక్రం ఊరికే తిరిగి పవర్ వేస్ట్ అవుతోంది.

గుంటూరు_ఘాటు
నేను ఒప్పుకోను. సిమెంట్ రోడ్, పైన దుమ్ము, గ్రిప్ అసలే తక్కువ. వెనక పాకం ముదిరితే రెండు చక్రాలూ ఒకేసారి పట్టు వదుల్తాయి, అప్పుడు ఇంకా తిరుగుద్ది. పల్చగా ఉంటే లోపలి చక్రం ఒక్కటే జారి బయటిది పట్టుకుని ఉంటది. కార్పెట్ ట్రాక్ ల సెటప్పులు నెట్ లో చూసి మన మట్టి రోడ్లకి చెప్తే ఎట్టా? నల్లపాడు వైపు మేం నడిపే చోట నేను 10000 పోసి రెండు ఆదివారాలు తోక తిప్పుకున్నా, 2000 కి దిగాక కారు మాట వింది.

లక్ష్మీపురం_ల్యాప్
మీ చోట మట్టి ఎక్కువేమో. సిమెంట్ మీద పొద్దున్నే తుడిస్తే గ్రిప్ ఉంటది

గుంటూరు_ఘాటు
ఎవరు తుడుస్తారు, నువ్వొస్తావా చీపురు తీసుకుని

బ్రాడీపేట_బేరింగ్
ఇద్దరూ కాసేపు ఆగండి. అసలు కుర్రోడు చెప్పిన లక్షణం, అతను పోశానన్న ఆయిల్ ఒకదానికొకటి కుదరట్లేదు. వెనక నిజంగా 800 ఉంటే త్రాటిల్ ఇచ్చినప్పుడు లోపలి చక్రం గిర్రున తిరిగి కారు సోమరిగా బయటికి రావాలి. టక్కున బొంగరం తిరగదు. టక్కున తిరిగేది వెనక రెండు చక్రాలూ బిగుసుకుపోయి ఉన్న కారు. తమ్ముడూ, కారు చాలా మెల్లగా చిన్న గుండ్రం తిప్పితే ఏమవుతోంది?

కృష్ణలంక_కుర్రోడు
వెనక టైర్లు కీచుమంటూ కొంచెం ఎగురుతున్నట్టు వస్తది అక్కా. కొత్త టైర్లు కదా అలాగే ఉంటదేమో అనుకున్నా

బ్రాడీపేట_బేరింగ్
కాదు. ఇది చెయ్యి. కారు నాలుగు చక్రాలూ గాల్లో ఉండేలా డబ్బా మీద పెట్టు. బ్యాటరీ తీసెయ్. వెనక ఒక చక్రం చేత్తో మెల్లగా తిప్పు, రెండోది ఎటు తిరుగుతుందో చూడు. తర్వాత ముందు చక్రాలకి అదే చెయ్యి. వచ్చి చెప్పు. అప్పటిదాకా ఎవరూ ఇతని చేత ఏమీ కొనిపించకండి.

డ్రిఫ్ట్_బాబాయ్
నేను ముందే చెప్పా ఏమీ కొనక్కర్లేదు అని. జిగురు చాలు.

తెనాలి_ట్రాక్టర్
కుర్రోడు వచ్చే లోపు ఒక డౌట్, డిఫ్ లో ఆముదం పోస్తే ఏం? మా ఇంట్లో సీసాలకి సీసాలు ఉంది

సెల్లార్_రేసర్
నేను పోసా. నవ్వకండి. లాక్‌డౌన్ లో ఆయిల్ దొరక్క పోసా. పొద్దున్నే బ్రహ్మాండంగా ఉండేది, పది గంటలకి వేరే కారు నడిపినట్టు ఉండేది. పైగా డిఫ్ విప్పినప్పుడల్లా మా ఆవిడ ఎవరికి కడుపు బాలేదు అని అడిగేది

పటమట_పినియన్
కారణం ఉంది దానికి. ఆముదం 25 డిగ్రీల దగ్గర దాదాపు 700 సీఎస్‌టీ, 40 డిగ్రీలకి వచ్చేసరికి 250 దగ్గరికి పడిపోద్ది. సిలికాన్ ఆయిల్ కూడా వేడికి పల్చబడుద్ది కానీ అంత ఘోరంగా కాదు, అందుకే డిఫ్ లో సిలికానే వాడతారు. మన బెజవాడ ఎండకి అది మరీ ముఖ్యం, రోహిణి కార్తెలో రోళ్ళే పగుల్తాయంటారు, డిఫ్ ఎంత. నేనైతే ఎండాకాలం ఒక మెట్టు ముదురు పాకం వేస్తా, చలికాలం ఒక మెట్టు దించుతా.

ఇంకోటి, రెండు సీసాలు కలిపి మధ్య నంబర్ చేసుకోవచ్చు కానీ సగటు లెక్క రాదు. 3000, 10000 సగం సగం కలిపితే 6500 అనుకుంటారు, వచ్చేది 5500 చుట్టుపక్కల. ఒకే కంపెనీవే కలపండి.

లెక్కల_మాస్టారు
రెండూ హెచ్చవేసి వర్గమూలం. 3 కోట్లకి వర్గమూలం 5477.

గుంటూరు_ఘాటు
వచ్చేసారు

కృష్ణలంక_కుర్రోడు
చేసా అక్కా. వెనక చక్రం తిప్పితే రెండోది కూడా అదే వైపు తిరుగుతోంది, మోటార్ తో సహా మొత్తం కదుల్తోంది. ముందు చక్రం తిప్పితే రెండోది గిర్రున వెనక్కి తిరుగుతోంది, అసలు బరువే లేదు. ఇది తిరగబడినట్టు ఉంది కదా???

బ్రాడీపేట_బేరింగ్
తిరగబడే ఉంది. నీ చలిమిడి డిఫ్ వెనక ఉంది, మజ్జిగ డిఫ్ ముందుంది. మీ కారులో రెండు డిఫ్ లూ ఒకేలా ఉంటాయా?

కృష్ణలంక_కుర్రోడు
ఒకే కేస్ ఒకే గేర్లు అక్కా, అయ్యో. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు రెండూ కట్టి న్యూస్ పేపర్ మీద పెట్టి అన్నానికి వెళ్ళా, కుడి వైపుది ముందుకి ఎడమ వైపుది వెనక్కి అని గుర్తు పెట్టుకున్నా. మా చెల్లి సినిమా పేజీ కోసం ఆ పేపర్ లాగి మళ్ళీ సర్దింది. అడిగితే "నీ ఇనప సామాన్లు నేను ముట్టుకోలేదు, పేపర్ మాత్రమే తిప్పా" అంటోంది

సెల్లార్_రేసర్
😂😂😂 నెల రోజులు

డ్రిఫ్ట్_బాబాయ్
అంటే ఈ కుర్రోడు నెల నుంచీ నా సెటప్ నడుపుతున్నాడు. అందరూ గమనించాలి, నా సలహా పని చేస్తది, కారు బొంగరంలా తిరుగుద్ది, దాన్నే డ్రిఫ్ట్ అంటారు.

గుంటూరు_ఘాటు
నేను అన్నానా లేదా, వెనక ముదిరితే తిరుగుద్ది అని. లక్ష్మీపురం ఎక్కడ

లక్ష్మీపురం_ల్యాప్
ఇక్కడే ఉన్నా. 800 అని చెప్తే 800 అనుకుని చెప్పా. చలిమిడి అని ఎవరికి తెలుసు. 5000 మాట వెనక్కి తీసుకోను

బ్రాడీపేట_బేరింగ్
ముందు వెనక మార్చేసి ఊరుకోకు తమ్ముడూ, ఎలాగూ విప్పుతున్నావు కదా రెండూ కడిగి మళ్ళీ కట్టు. ముందు అంత గ్రీజ్ కూడా వద్దు. ముందు గట్టిగా ఉంటే పవర్ మీద కారు ముందుకి లాగుతుంది, నిలకడగా ఉంటుంది, కానీ త్రాటిల్ వదిలి లోపలికి తిప్పేటప్పుడు మొరాయిస్తుంది. మీ దుమ్ము సిమెంట్ కి ముందు 7000 వెనక 3000 తో మొదలెట్టు. అక్కడి నుంచి వెనకది ఒక్కటే మార్చి చూడు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలీదు.

కట్టేటప్పుడు లోపలి క్రాస్ పిన్ లు మునిగే దాకానే ఆయిల్, అంచు దాకా పోస్తే వేడికి ఉబ్బి సీల్ లోంచి కారుతుంది. పోశాక పది నిమిషాలు వదిలెయ్, బుడగలు పైకొస్తాయి. 7000 అయితే ఇంకా ఎక్కువసేపు, నేను రాత్రి పోసి పొద్దున మూత పెడతా. ప్రతిసారీ ఒకే బరువు ఆయిల్ పోయడం ముఖ్యం, నేను 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు వాడతా. అది మా మావగారు బంగారం తూచుకోవడానికి కొన్నది. ఆయనకి తెలీదు.

ఇక కేస్ మీద గోళ్ళ రంగుతో చుక్క పెట్టు, ముందుదానికి ఒకటి వెనకదానికి రెండు. మీ చెల్లి దగ్గర ఉంటుంది, అడిగి తీసుకో, ఆమె బాకీ ఉంది.

ఆటోనగర్_అబ్బాయి
ఓ-రింగులు ఎలాగూ మార్చు. ఆటోనగర్ లో ఆయిల్ సీల్ షాపుల్లో పాతది చూపిస్తే సైజు తీసిస్తారు, రూపాయల్లో పని. నైట్రైల్ అని అడిగి తీసుకో, ఎర్రగా ఉండే సిలికాన్ రబ్బర్ వి తీసుకోకు, సిలికాన్ ఆయిల్ తగిల్తే అవి ఉబ్బుతాయి. గేర్ల మధ్య ఆట ఎక్కువుంటే షిమ్ము (సందు నింపే పల్చటి రింగు) వెయ్యి. నేను కూల్ డ్రింక్ టిన్ను రేకు కత్తిరించి వేస్తా, సుమారు 0.1 మి.మీ. ఉంటది.

బ్రాడీపేట_బేరింగ్
టిన్ను రేకు వద్దు. అల్యూమినియం, నాలుగు రోజుల్లో అరిగి ఆ పొడి అంతా ఆయిల్ లో కలుస్తుంది. స్టీల్ షిమ్ములే.

ఆటోనగర్_అబ్బాయి
అరిగింది మేడం. ఒప్పుకుంటున్నా. మూడో ఆదివారానికి ఆయిల్ వెండి రంగుకొచ్చింది

కృష్ణలంక_కుర్రోడు
బాల్ డిఫ్ సంగతేంటి అక్కా, అది బయటి నుంచే బిగించుకోవచ్చు అంటారు కదా, విప్పే పనే లేకుండా

బ్రాడీపేట_బేరింగ్
బిగించుకోవచ్చు, అదే దాని అందం, అదే దాని కొంప ముంచేది కూడా. నా 1/28 మినీ-జెడ్ (అరచేతిలో పట్టే బుల్లి కారు) లో బాల్ డిఫే, పాత 2 చక్రాల డ్రైవ్ బగ్గీలో కూడా అదే. పళ్ళు ఉండవు, రెండు ఉక్కు రింగుల మధ్య చిన్న బాల్స్ ఒత్తిడి మీద దొర్లుతాయి. దొర్లాలి, జారకూడదు. మొదటిసారి కట్టినప్పుడు నేను లూజ్ గా పెట్టా, త్రాటిల్ కొట్టిన ప్రతిసారీ పిచ్చుక అరిచినట్టు శబ్దం, నాకు ముద్దొచ్చింది. వారం తర్వాత విప్పితే రింగుల మీద గాడి పడింది. అది జారుతున్న శబ్దం అని అప్పుడు తెలిసింది. రెండోసారి కోపంతో బిగించేసా, ఈసారి బాల్స్ నలిగి, చేత్తో తిప్పితే ఇసుక నమిలినట్టు.

ఇప్పుడు నేను చేసేది: బాల్స్ కి సిలికాన్ గ్రీజ్, థ్రస్ట్ బేరింగ్ (స్క్రూ ఒత్తిడి మోసేది) కి నల్ల గ్రీజ్, ఈ రెండూ తారుమారు చెయ్యకూడదు. స్క్రూ కొంచెం కొంచెం బిగిస్తూ మధ్యలో చక్రాలు తిప్పుతూ సర్దుకోనివ్వాలి. తర్వాత ఒక చక్రం పట్టుకుని అర నిమిషం మెల్లగా నడపాలి, రెండోది పట్టుకుని ఇంకో అర నిమిషం, మళ్ళీ బిగింపు చూడాలి. రెండు చక్రాలూ గట్టిగా పట్టుకుని బొటనవేలితో స్పర్ గేర్ (మోటార్ తిప్పే పెద్ద పళ్ళ చక్రం) తొయ్యాలి, బలంగా తోస్తే గానీ కదలకూడదు. బగ్గీలో స్లిప్పర్ క్లచ్ (బలం మరీ ఎక్కువైతే జారే క్లచ్) ఉంటే అదే ముందు జారాలి, డిఫ్ కాదు. గాడి పడిన రింగుల్ని అద్దం మీద 600 ఎమెరీ పెట్టి ఎనిమిది అంకెలా రుద్ది తిరగేసి వాడుకోవచ్చు. ఇవన్నీ నీ దుమ్ము రోడ్ మీద, ప్రతి రెండు ఆదివారాలకోసారి. చేస్తావా?

కృష్ణలంక_కుర్రోడు
వద్దక్కా

సెల్లార్_రేసర్
నాకైతే చదువుతుంటేనే వేళ్ళు నొప్పెట్టాయి

పటమట_పినియన్
స్పూల్ గురించి కూడా అడిగాడు కదా పాపం. స్పూల్ అంటే ముందు ఇరుసు గట్టిగా ఒకటే, డిఫ్ లేనట్టు. టూరింగ్ లో గ్రిప్ బాగా ఉన్న ట్రాక్ ల మీద ముందు స్పూల్ మామూలే, బ్రేక్ మీద కారు తిన్నగా ఉంటది, కార్నర్ నుంచి లాగుద్ది. కాకపోతే డ్రైవ్ షాఫ్ట్ లు మంచివి ఉండాలి, మామూలు డాగ్‌బోన్ లు (రెండు కొసలా పిన్నుండే సాదా షాఫ్ట్ లు) స్టీరింగ్ తిప్పినప్పుడు గడగడలాడతాయి. నీకు ఇప్పుడొద్దు. టమియా టీటీ-02 లాంటి కిట్లలో మామూలు గేర్ డిఫ్ కి ఆయిల్ సీల్ ఉండదు కాబట్టి ముందు గట్టి గ్రీజ్ కుక్కి సగం స్పూల్ లా వాడతారు, మీ వాడు ఆ గ్రీజ్ సలహా అక్కడి నుంచే తెచ్చి ఉంటాడు. అది ముందుకి మంచి సలహానే. వెనక్కి వెళ్ళడమే...

సెల్లార్_రేసర్
చెల్లి సెటప్

కృష్ణలంక_కుర్రోడు
నిన్న ఆదివారం నడిపొచ్చా. ముందు 7000 వెనక 3000, ఓ-రింగులు కొత్తవి, గోళ్ళ రంగు గులాబీ. మెల్లగా గుండ్రం తిప్పితే శబ్దమే లేదు. మా వాడి ఫోన్ స్టాప్‌వాచ్ లో అంతకుముందు 15 సెకన్ల చుట్టూ ఉండేది, తిరిగిపోకుండా పూర్తి చేసిన ల్యాప్ లు మాత్రమే లెక్క. ఇప్పుడు 13.5 చుట్టూ వస్తోంది, అన్నీ పూర్తవుతున్నాయి. కానీ తొమ్మిదిన్నర దాటాక ఎండెక్కేసరికి బయటికొచ్చేటప్పుడు లోపలి వెనక చక్రం తిరుగుతున్నట్టు అనిపించింది, కొంచెం సోమరి అయింది.

లక్ష్మీపురం_ల్యాప్
5000

గుంటూరు_ఘాటు
4000. 5000 అంటే మళ్ళీ నడుచుకుంటూ వెళ్ళి తెచ్చుకుంటాడు

లక్ష్మీపురం_ల్యాప్
వచ్చే ఆదివారం నేనే తాడేపల్లి వస్తా, రెండూ పోసి చూద్దాం. చీపురు కూడా తెస్తా

గుంటూరు_ఘాటు
నేనూ వస్తా అయితే. స్టాప్‌వాచ్ మాస్టారు పట్టుకోవాలి

లెక్కల_మాస్టారు
ఒక్కో ఆయిల్ కి కనీసం 10 ల్యాప్ లు, మొదటి రెండూ వదిలెయ్యాలి. ఒప్పుకుంటే వస్తాను.

తెనాలి_ట్రాక్టర్
కుర్రోడా, విప్పిన ఆ చలిమిడి పారేసావా ఉందా? ఉంటే నాకు తీసుకురా, నా క్రాలర్ ముందు డిఫ్ లో కుక్కుతా. రాళ్ళెక్కే బండికి అదే కావాలి

కృష్ణలంక_కుర్రోడు
ఉందన్నా, పచ్చడి సీసాలో పెట్టా. మూత మీద రాసా, మా అమ్మ చూడకముందే పట్టుకెళ్ళు